రొయ్యల చెరువు స్టార్టరు పెట్టెలకు ప్లాస్టిక్ కిటికీలు: అతికింపు పనుల డైరీ

ఆకివీడుకు దిగువన, ఉప్పుటేరుకు దగ్గరలో మా బావగారికి ఆరు వనామీ చెరువులు ఉన్నాయి. ప్రతి చెరువు గట్టు మీద నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లను నడిపే ఒక ఇనుప స్టార్టరు పెట్టె ఉంది. నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామున కాబట్టి, ఆ వేళకే కాపలా కుర్రవాడు ఒక్కొక్క తలుపు తెరచి, మోటారు తీసుకునే కరెంటును చూపే అమ్మీటరు చూడవలసి వస్తోంది. వానాకాలంలో అది తడి చేతులతో కరెంటు ముందు నిలబడటమే. తలుపు తెరవకుండా మీటరు కనబడేలా ఒక పారదర్శక కిటికీ, దాని మీద వాన కారకుండా ఒక చిన్న చూరు, ఈ రెండింటినీ బోల్టులు లేకుండా జిగురుతోనే నిలబెట్టాలన్నది పని. రేకుకు రంధ్రం పడిన ప్రతి చోటా ఇక్కడి ఉప్పుగాలికి తుప్పు మొదలవుతుంది. అందుకే బోల్టులు వద్దనుకున్నాము.

కొలతలు ఇవి. పెట్టె తలుపు 1.2 మి.మీ. ఇనుప రేకు, బూడిదరంగు పౌడర్ కోటింగు (పొడి చల్లి కాల్చిన రంగు పూత). తలుపుకు కోసిన ఖాళీ 240 × 140 మి.మీ. దాని మీదకు వచ్చే పాలికార్బనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) షీటు 300 × 200, మందం 3 మి.మీ. అంటే చుట్టూ 30 మి.మీ. అతుకు. చూరు పొడవు 340 మి.మీ.

మొదటి దశ: ఎపాక్సీ (ఏప్రిల్ 9 – 20)

రెండు పెట్టెలతో మొదలుపెట్టాను. చేసిన క్రమాన్ని చేసినట్టే రాస్తున్నాను; ఇందులో నాలుగు తప్పులు ఉన్నాయి.

1. మెయిన్ ఆపి, తలుపులు ఊడదీసి ఇంటికి తెచ్చి, జిగ్ సాతో ఖాళీ కోశాను. మూలలు నూటికి నూరుపాళ్లు చతురస్రంగా వచ్చేలా ఆకురాయి పట్టాను.
2. సాయంత్రం ఖాళీ చుట్టూ 30 మి.మీ. మేర పౌడర్ కోటింగు మొత్తం గీకి, ఇనుము మెరిసేదాకా 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్దాను.
3. మరునాడు ఉదయం ఇనుమును, ప్లాస్టిక్‌ను రెండింటినీ పెయింటు థిన్నరుతో తుడిచాను.
4. రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీ జిగురును సమానంగా కలిపి పలుచగా పూసి, సి-క్లాంపులు గట్టిగా బిగించి 24 గంటలు వదిలాను.

గట్టు మీద బిగించిన నాలుగో రోజు సాయంత్రం నాలుగు గంటల వేళ మొదటి పెట్టె దగ్గర నిలబడి ఉండగా 'టిక్'మన్న చప్పుడు వినబడింది. పై అంచున వేలి గోరు దూరేంత సందు కనబడింది. ఆరో రోజు ఉదయం కాపలా కుర్రవాడు ఫోను చేశాడు: "ఆయ్, రాత్రే ఊడి కిందపడిపోయిందండి. పగల్లేదండి, తీసి లోపల పెట్టానండి." రెండో పెట్టె మరో నాలుగు రోజులు నిలిచింది.

ఊడిన చోటును ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూశాను. జిగురంతా ఇనుము మీదనే ఉంది. ప్లాస్టిక్ మీద ఒక్క చుక్క కూడా మిగలలేదు. జిగురు మధ్యలో తెగి రెండు వైపులా మిగిలి ఉంటే జిగురు బలం చాలలేదని అర్థం. ఒకవైపు నున్నగా వదిలేసిందంటే ఆ ఉపరితలాన్ని అది పట్టనే లేదని అర్థం. ఇక్కడ జరిగింది రెండోది. దానికి తోడు, షీటు అంచుల వెంట పాలలాంటి తెలుపు, అందులో వెంట్రుకల్లాంటి బీటలు. అది థిన్నరు చేసిన పని. అసిటోన్, థిన్నరు పాలికార్బనేట్‌కు పనికిరావు. కోతపెట్టిన అంచుల్లో ఉన్న ఒత్తిడి దగ్గర అవి వెంటనే బీటలు పుట్టిస్తాయి. ఇనుము వైపు ఎపాక్సీ కింద అక్కడక్కడ కాఫీ రంగు మచ్చలు కనబడ్డాయి. సాయంత్రం రుద్ది ఉదయం అతికించాను కదా, మధ్యలో ఒక రాత్రి మంచు ఆ ఇనుము మీద పడింది. నేను తుప్పు మీద జిగురు పూశాను.

ఇవన్నీ సరిచేసినా ఇది నిలిచేది కాదని కొలతలు తీశాక తెలిసింది. ఏసీ మెకానిక్ దగ్గర అరువు తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో తలుపు వేడి చూశాను: ఉదయం 5 గంటలకు 23 డిగ్రీలు, మధ్యాహ్నం 1:30కి 61. తేడా 38 డిగ్రీలు. ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.012 మి.మీ. పెరుగుతుంది, పాలికార్బనేట్ 0.067 దాకా పెరుగుతుంది. ఈ లెక్కన 300 మి.మీ. షీటు, తన కింద ఉన్న రేకు కంటే రోజూ 0.63 మి.మీ. ఎక్కువ సాగి మళ్లీ ముడుచుకుంటుంది. మధ్య నుంచి చూస్తే ఒక్కో చివర 0.31. నా ఎపాక్సీ పొర మందం 0.25 కూడా లేదు. గట్టిపడిన ఎపాక్సీ తన మందం కంటే ఎక్కువ పక్కకు సాగలేదు. నా చదరపు మూలలు, గట్టిగా బిగించిన క్లాంపులు ఆ పొరను ఇంకా పలుచన చేసి, లాగుడంతా మూలల దగ్గరకు చేర్చాయి.

ఇంకొక సంగతి. ప్యాకెట్టు మీద కలిపాక 30 నిమిషాలు పనిచేస్తుందని రాసి ఉంది. 37 డిగ్రీల నీడలో 13 నిమిషాలకే తీగ సాగింది. గిన్నెలో ముద్దగా ఉంచితే దాని వేడి దానికే ఎక్కి ఇంకా తొందరపడుతుంది. ఎపాక్సీ వాడేవారు వేసవిలో తెల్లవారుజామునే కలుపుకుని, వెంటనే వెడల్పాటి పలక మీద పలుచగా పరుచుకోవడం మంచిది.

ఇప్పటివరకు: షీట్లు 8 రూ. 720, ఎపాక్సీ రూ. 340, ఉప్పు కాగితాలు రూ. 80. మొత్తం రూ. 1,140. పాడైన షీట్లు 2. నిలిచిన కిటికీలు 0.

రెండో దశ: పుల్లని వాసన సిలికాను (ఏప్రిల్ 21 – మే 4)

సాగే జిగురు కావాలని తేలింది కాబట్టి అద్దాల దుకాణంలో అడిగితే మామూలు సిలికాను ట్యూబు ఇచ్చారు. మొదటి పెట్టెకు వేశాను. పట్టు బాగానే ఉంది. కాని గట్టిపడేటప్పుడు వెనిగరు వాసన వచ్చే ఈ రకం సిలికాను అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. తొమ్మిదో రోజుకు కోత అంచు పొడవునా ఎర్రని గీత దిగింది. పక్కనున్న, జింకు పూత ఉన్న జీఐ క్లిప్పు మీద తెల్లని పొడి లేచింది. అద్దానికి అద్దం అతికించడానికి ఇది మంచిదే. ఇనుము, జింకు, రాగి ఉన్న చోట మాత్రం వేయకూడదు. లోపల కరెంటు మోసే రాగి పట్టీలు (బస్‌బార్లు) ఉన్న పెట్టెలో అసలే వద్దు. లోహానికి సిలికానే కావాలంటే వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి. తీసేటప్పుడు షీటు గీతలు పడి పోయింది.

ఇప్పటివరకు: రూ. 1,330. పాడైన షీట్లు 3. నిలిచినవి 0.

మూడో దశ: ముక్కల పరీక్ష (మే 5 – 24)

ఇక పెట్టెల మీద ప్రయోగాలు ఆపేశాను. పాడైన షీట్ల మధ్య భాగం బాగానే ఉంది కాబట్టి వాటి నుంచి 25 మి.మీ. వెడల్పు పట్టీలు కోశాను. తలుపు నుంచి కోసి తీసిన రేకు ముక్కల నుంచీ అలాగే పట్టీలు చేశాను. ఒక పట్టీ చివర మరో పట్టీ చివర మీద 6 మి.మీ. ఎక్కేలా అతికిస్తే అతుకు వైశాల్యం 150 చదరపు మి.మీ. పై పట్టీని పశువుల పాక దూలానికి కట్టి, కింది పట్టీకి 50 కిలోల వేలాడే డిజిటల్ కాటా తగిలించి, దానికి 40 లీటర్ల డ్రమ్ము కట్టి, గొట్టంతో నెమ్మదిగా నీరు నింపాను. అది చాలని చోట అడుగున ఇటుకలు వేశాను. తెగిన క్షణాన కాటాలో కనబడిన సంఖ్య రాసుకోవడం. డ్రమ్ము నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. పాదాలు దాని కింద ఉండకూడదు. ఒక్కో రకానికి మూడేసి ముక్కలు చేశాను. కింద ఉన్నవి మధ్యస్థ విలువలు:

1. ఎపాక్సీ, పొడిగుడ్డతో తుడిచి: 14 కిలోలు (అతుకు వైశాల్యంతో భాగిస్తే సుమారు 0.9 మెగాపాస్కల్).
2. ఎపాక్సీ, ఉప్పు కాగితం పట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి: 44 కిలోలు (2.9).
3. ఎంఎస్ పాలిమర్ జిగురు (గట్టిపడ్డాక రబ్బరులా సాగేది), 2 మి.మీ. మందం, అదే తుడుపు: 24 కిలోలు (1.6). దీనికి నమూనా ట్యూబు మా ఊరి కారు అద్దాల మెకానిక్ ఇచ్చారు.

ఒకటికి, రెండుకు మధ్య ఉన్న తేడా ఉప్పు కాగితం, తుడుపు మాత్రమే. అదే ట్యూబు, అదే చేయి, మూడు రెట్ల బలం. ఈ డైరీ చదివి ఎవరైనా ఒక్క పనే అనుసరించదలిస్తే ఈ తుడుపునే అనుసరించమంటాను. కాబట్టి దాన్ని వివరంగా రాస్తాను.

వర్క్‌షాపుల్లో వాడే బనియన్ వేస్టు వద్దు. దానిలో నూనె ఉందో, మరేముందో తెలియదు. సబ్బు లేకుండా రెండుసార్లు ఉతికి ఆరబెట్టిన పాత పంచె ముక్కలు వాడాను. ఒక చేతిలో ఆల్కహాలు తడిపిన గుడ్డ, మరో చేతిలో పొడిగుడ్డ. తడిగుడ్డ ఒకే దిశలో వెళ్లాలి. ఆ తడి ఆరిపోయేలోపు పొడిగుడ్డ దాని వెనుకే వెళ్లాలి. తడిని గాలికి ఆరనిస్తే కరిగిన మురికి తిరిగి అక్కడే కూర్చుంటుంది. తుడిచిన చోటును వేలితో తాకకూడదు. మనవైపు పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకుని పనిలోకి వస్తాము. ఆ చేతి వేలిముద్ర ఒక్కటి చాలు. నేను కావాలనే ఒక ముక్క మీద బొటనవేలు అద్ది అతికించాను. అది 19 కిలోలకే తెగింది, ప్లాస్టిక్ మీద వేలిముద్ర గీతలు జిగురులో అచ్చుపడి కనబడ్డాయి.

తుడుపు చాలిందో లేదో తెలుసుకోవడానికి శుభ్రమైన తాగునీరు చిలకరించి చూడాలి. శుభ్రమైన లోహం మీద నీరు అద్దంలాంటి పొరగా పరుచుకుని నిలుస్తుంది; తామరాకు మీద చుక్కల్లా ముద్దకట్టిందంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు. చూశాక ఆ నీటిని ఆరబెట్టి మళ్లీ ఒకసారి ఆల్కహాలు పట్టాలి. చెరువు నీరు దీనికి పనికిరాదు, ఉప్పు మిగులుతుంది.

ఆ తరువాత మిగిలిన రెండు రకాల ముక్కలను ఏడు రోజులు పగలు రేకు కప్పు మీద ఎండలో, రాత్రి చెరువు నీటి బకెట్టులో ఉంచాను. ఎపాక్సీ 44 నుంచి 19కి పడింది. ఒక ముక్క తీసేటప్పుడే విడిపోయింది. ఎంఎస్ పాలిమర్ 24 నుంచి 22కి వచ్చింది. అసలు బలమైనది వారానికే వెనుకపడింది. ఇది నీరు, వేడి చేసిన నష్టం మాత్రమే అన్నది గమనించాలి. 6 మి.మీ. అతుకులో సాగుడు తేడా వెంట్రుకంత కూడా ఉండదు కాబట్టి, ఈ చిన్న ముక్కల పరీక్షలో కిటికీని అసలు ఊడదీసిన దోషం కనబడదు. అందుకోసం 300 మి.మీ. పట్టీలను మొత్తం పొడవునా అతికించి ఎండలో పెట్టాను. ఎపాక్సీ పట్టీ మూడో రోజుకు రెండు చివరల నుంచి లేవడం మొదలైంది. ఎంఎస్ పాలిమర్ పట్టీ కదలలేదు.

ఎపాక్సీ ముక్కలను రాత్రి ఆరుబయట గట్టిపడనిచ్చినప్పుడు పైన మైనంలాంటి జిడ్డు పొర వచ్చింది. తేమలో గట్టిపడే ఎపాక్సీకి ఇది సహజం. దాని మీద మళ్లీ ఏదైనా పూయాలంటే ముందు నీటితో రుద్ది కడగాలి. ఆల్కహాలుతో తుడిస్తే అది చెదురుతుందే తప్ప పోదు.

ఇప్పటివరకు: ఆల్కహాలు లీటరు రూ. 280, కాటా రూ. 350, చేతి తొడుగులు, ఇతరాలు రూ. 110. మొత్తం రూ. 2,070.

నాలుగో దశ: ఎంఎస్ పాలిమర్, మొదట తప్పుగా (మే 25 – జూన్ 14)

ఎంఎస్ పాలిమర్ గాలిలోని తేమతో గట్టిపడే జిగురు. ఈ ముక్క నేను చదివాను, కాని దాని పర్యవసానం ఆలోచించలేదు. మూడో పెట్టె తలుపు మీద 30 మి.మీ. వెడల్పు మొత్తం గరిటెతో పరిచి, షీటు వేసి నొక్కాను. అయిదో రోజు నిలువుగా బిగిస్తే షీటు 4 మి.మీ. కిందికి జారింది. ఊడదీస్తే బయటి అంచు నుంచి 7 మి.మీ. లోపలికి, లోపలి అంచు నుంచి మరో 7 మి.మీ. రబ్బరులా గట్టిపడి, మధ్యలో ఇంకా వెన్నలా ఉంది.

ఇనుము తేమను పోనివ్వదు, 3 మి.మీ. పాలికార్బనేట్ గుండా వచ్చేది అతి స్వల్పం. తేమ అంచుల నుంచే దూరాలి. ట్యూబు మీద మొదటి రోజు 3 మి.మీ. అని ఉంది, కాని గట్టిపడిన పొర మందమయ్యే కొద్దీ తేమ దారి పొడుగవుతుంది. అందుచేత లోతు రోజుల వర్గమూలంతో పెరుగుతుంది: నాలుగు రోజులకు 6, తొమ్మిది రోజులకు 9. అయిదు రోజులకు లెక్క ప్రకారం 6.7, నేను కొలిచింది 7. మధ్యనున్న 15 మి.మీ. దాకా చేరడానికి 25 రోజులు పట్టేది.

మార్చినది ఇదీ: పరచడం మానేసి ఒకే వరుస తీగగా వేయడం. ట్యూబు ముక్కుకు త్రిభుజాకారంలో గంటు పెట్టి, అడుగు 8 మి.మీ., ఎత్తు 6 మి.మీ. వచ్చేలా తీగ తీశాను. అది 2 మి.మీ. మందానికి నొక్కుకున్నప్పుడు 12 మి.మీ. వెడల్పు అవుతుంది, మధ్య నుంచి అంచుకు 6 మి.మీ., అంటే నాలుగు రోజులు. ఎత్తుగా త్రిభుజంలా ఉండటం వల్ల నొక్కేటప్పుడు గాలి బుడగ చిక్కుకోదు. ఒక కిటికీ చుట్టూ తీగ పొడవు 880 మి.మీ., జిగురు సుమారు 21 మి.లీ. కాబట్టి 290 మి.లీ. ట్యూబు ఒకటి ఆరు కిటికీలకు చాలి మిగులుతుంది.

2 మి.మీ. మందం ఎలా నిలుపుకోవాలన్నది వేరే సమస్య. ఎపాక్సీ ముక్కలకు 0.30 మి.మీ. గేలపు దారం ముక్కలు రెండు మధ్యలో పెడితే సరిపోయింది. ఇక్కడ మందమైన నైలాను తాడు పెట్టి చూశాను. అది గట్టిది కాబట్టి వేడికి షీటు కదిలినప్పుడు దాని మీదే తూగింది. చివరకు అదే జిగురును ముందు రోజే ప్లాస్టిక్ కవరు మీద తీగలుగా వేసి, పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో 2 మి.మీ. బిళ్లలుగా కోసి, నాలుగు మూలలా ఒక్కొక్కటి పెట్టాను. జిగురు ఎంత మెత్తనో బిళ్ల కూడా అంతే మెత్తన కాబట్టి అతుకులో భాగంగా కలిసిపోయింది. క్లాంపులు వాడలేదు, తలుపును చదునుగా పడుకోబెట్టి, షీటు మీద అర కిలో తూనికరాళ్లు నాలుగు పెట్టాను.

2 మి.మీ. పొరలో 0.31 మి.మీ. కదలిక అంటే నూటికి 16 వంతుల సాగుడు. ఈ జిగురుకు అది శ్రమ కాదు.

ఇప్పటివరకు: ట్యూబులు 2 రూ. 840, గన్ను రూ. 180. మొత్తం రూ. 3,090. పాడైన షీట్లు 4. నిలిచిన కిటికీలు 1.

అయిదో దశ: చూరు (జూన్ 3 – 28)

చెరువుల దగ్గర పాత నీలం డ్రమ్ములు ఎప్పుడూ ఉంటాయి. వాటి వంపు చూరుకు సరిగ్గా సరిపోతుందని కోశాను. ఈ నీలం ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథీన్. ఉప్పు కాగితం పట్టి, ఆల్కహాలు పట్టి, నీరు చిలకరిస్తే ముత్యాల్లా దొర్లిపోయింది. ఎన్నిసార్లు తుడిచినా అంతే. ఇది మురికి వల్ల కాదు, ఆ ప్లాస్టిక్ స్వభావమే. దాని ఉపరితల శక్తి మీటరుకు 31 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటుంది. పాలికార్బనేట్, పీవీసీలది 40 చుట్టుపక్కల. జిగురు ముందు ఉపరితలాన్ని తడపగలిగితేనే పట్టగలదు. ముక్కల పరీక్షలో ఎపాక్సీ 5 కిలోలకే, ఎంఎస్ పాలిమర్ 4 కిలోలకే ఊడాయి.

అప్పుడు మంట పట్టాను. చిన్న బ్యుటేన్ టార్చి నీలిమంట కొనను ప్లాస్టిక్‌కు తగిలీ తగలకుండా, సెకనుకు జానెడు వేగంతో రెండుసార్లు నడిపించాను. మెరుపు మారకూడదు, కరగకూడదు. మంటలోని ప్రాణవాయువు పై పొరను మార్చడానికి అంతే చాలు. చల్లారాక నీరు చిలకరిస్తే, అంతవరకు దొర్లిన నీరు అదే ముక్క మీద పొరలా పరుచుకుంది. మంట తగిలిన చోటుకు, తగలని చోటుకు మధ్య గీత గీసినట్టు హద్దు కనబడింది. ఈ మార్పు రోజులు గడిచే కొద్దీ తగ్గిపోతుంది కాబట్టి గంటలోపే అతికించాలి. ఆల్కహాలు సీసాను ముందే గది బయట పెట్టాలి. మంట పట్టిన హెచ్‌డీపీఈ ఎపాక్సీతో 29 కిలోలు మోసింది.

అయినా గట్టు మీద అది పన్నెండు రోజులకే చివరలు లేపింది. హెచ్‌డీపీఈ సాగుడు పాలికార్బనేట్‌కు రెట్టింపు పైనే; 340 మి.మీ. చూరు రేకు కంటే రోజుకు సుమారు 1.8 మి.మీ. ఎక్కువ కదులుతోంది. పైగా వంపు ముక్కను చదునైన రేకుకు అదిమి అతికించాను కాబట్టి, తన వంపుకు తిరిగి వెళ్లాలని అది చివరలను ఎప్పుడూ ఒలుస్తూనే ఉంది. పక్కకు లాగే బలాన్ని మోసే అతుకు ఒలిచే బలాన్ని మోయలేదు. ఎంఎస్ పాలిమర్‌తో ఇంకా ప్రయత్నించవచ్చునేమో కాని, వేరే ప్లాస్టిక్ చేతిలో ఉండగా దీనితో కుస్తీ పట్టడం సబబు కాదనుకున్నాను. డ్రమ్ము ముక్కను వదిలేశాను.

దాని బదులు 110 మి.మీ. పీవీసీ పైపు తీసుకున్నాను.

1. పైపును 340 మి.మీ. పొడవున కోసి, నిలువునా మూడు భాగాలు చేశాను. ఒక్కొక్కటి 115 మి.మీ. వెడల్పు.
2. ఒక అంచున 35 మి.మీ. మేర మరుగుతున్న నీటిలో రెండు నిమిషాలు ముంచి, రెండు చెక్కల మధ్య చల్లారేదాకా అదిమాను. అతికే భాగం తనంతట తానే చదునుగా నిలిచింది. ఇక ఒలిచే బలం లేదు.
3. ఆ అంచుకు రెండు వరుసల జిగురు తీగ. కింది వరుసను మూడు చోట్ల 10 మి.మీ. తెంచి గాలికి దారి వదిలాను.

పైపుల సొల్యూషన్ దీనికి పనికిరాదు. అది పీవీసీని కరిగించి పీవీసీతో కలుపుతుంది. ఇనుములో కరిగేది ఏమీ లేదు. పీవీసీ ముక్క ఎంఎస్ పాలిమర్‌తో 23 కిలోలు మోసింది.

ఇప్పటివరకు: టార్చి, గ్యాసు రూ. 520, పైపు 2 మీటర్లు రూ. 300. మొత్తం రూ. 3,910.

ఆరో దశ: మిగిలిన అయిదు పెట్టెలు (జూన్ 29 – జూలై 9)

చేయదలచినవారు ఈ క్రమాన్నే అనుసరించవచ్చు.

1. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, తలుపు ఊడదీయాలి. పెట్టె మీద ఉండగానే కోస్తే ఇనుప రజను స్టార్టరులో పడుతుంది.
2. ఖాళీ మూలలను 15 మి.మీ. వ్యాసార్ధంతో, షీటు మూలలను 10 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా చేయాలి. ఒలుపు మొదలయ్యేది మూల నుంచే.
3. గట్టిగా ఉన్న పౌడర్ కోటింగును గీకేయకూడదు. 180 నంబరు కాగితంతో మెరుపు పోయేంతవరకే రుద్దాలి. తుప్పు రాకుండా కాపాడేది అదే.
4. కోసిన రేకు అంచుకు ప్రైమరు పూసి ఒక రోజు ఆరనివ్వాలి.
5. షీటు రక్షణ కాగితాన్ని అంచున 40 మి.మీ. మాత్రమే ఒలవాలి. ఎండను తట్టుకునే వైపు ఏదో ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. ఆ వైపు బయటికి రావాలి.
6. షీటు అంచును 180 కాగితంతో రుద్ది, రెండు గుడ్డలతో ఆల్కహాలు తుడుపు. ఆ తరువాత తొడుగులు తీయకూడదు.
7. బిళ్లలు, తీగ, షీటు, తూనికరాళ్లు. నీడలో నాలుగు రోజులు పడుకోబెట్టి ఉంచాలి.
8. షీటు బయటి వైపు అంచు చుట్టూ 25 మి.మీ. నల్లని వినైల్ పట్టీ అతికించాలి. పారదర్శకమైన షీటు గుండా ఎండ నేరుగా జిగురు ముఖం మీద పడుతుంది. కార్ల ముందు అద్దాల అంచున నల్లని పట్టీ ఉండేది కూడా కింద ఉన్న జిగురును ఎండ నుంచి కాపాడటానికే.

జూలై 3న వాన ముసురులో ఒక తలుపు తుడిచి భోజనానికి వెళ్లి వచ్చేసరికి రేకు మీద చెమ్మ పట్టి ఉంది. మళ్లీ మొదటి నుంచి తుడిచాను. గట్టిపడటానికి తేమ మేలే కాని, అతికే ముఖాల మీద తేమ ఉండకూడదు.

ఇప్పటివరకు: ప్రైమరు రూ. 240, అదనపు షీట్లు 2 రూ. 180, వినైల్ రూ. 120. మొత్తం రూ. 4,450. తప్పులకు పోయినది తీసేసి, ఆరింటికి అసలు కావలసిన సామానే లెక్కిస్తే రూ. 2,270, పెట్టెకు రూ. 378.

ఏడో దశ: తనిఖీ (అక్టోబరు 11)

చివరి తలుపు బిగించి 94 రోజులయింది. ఈ మధ్యలో రెండు పెద్ద వానలు, ఒక రోజంతా ఈదురుగాలి వచ్చాయి. 0.1 మి.మీ. ఫీలర్ గేజిని (సందులు కొలిచే పలుచని ఉక్కు రేకు) ప్రతి కిటికీ చుట్టూ, ప్రతి చూరు వెంట నడిపాను. అయిదు పెట్టెల్లో ఎక్కడా దూరలేదు. చూరులు ఆరూ గట్టిగా ఉన్నాయి.

మూడో పెట్టెలో, అంటే అన్నింటికంటే ముందు నిలిచిన కిటికీలో, కింది కుడి మూల 18 మి.మీ. మేర గేజి దూరింది. సన్నని ఉక్కు తీగను రెండు చివరలా పట్టుకుని రంపంలా లాగి ఆ మూల జిగురును కోసి చూశాను. జిగురు షీటును వదలలేదు, పౌడర్ కోటింగునూ వదలలేదు. కోటింగే ఇనుమును వదిలింది. దాని కింద ఎర్రని తుప్పు కోత అంచు నుంచి లోపలికి పాకుతూ వచ్చింది. జూన్‌లో ఆ తలుపు చేసేనాటికి అంచుకు ప్రైమరు పూయాలన్న ఆలోచన నాకు రాలేదు. మిగిలిన అయిదింటికీ పూశాను.

ఆ తలుపును ఊడదీసి ఇంటికి తెచ్చాను. షీటు బాగానే ఉంది, తిరిగి వాడవచ్చు. తుప్పును ఇనుము దాకా గీకి, అదే పూట ప్రైమరు పూసి, ఒక రోజు ఆరాక తీగ వేస్తాను. అంతవరకు ఆ పెట్టెకు వేరే తలుపు బిగించి, రాత్రి వేళ తెరవవద్దని కుర్రవాడికి చెప్పి వచ్చాను.